ఫ్రెంచి భాషలో దారి అడుగుట

పారిస్ నగరమున, పూర్వము బాస్టిల్ కోట యుండిన కూడలియొద్ద, లియోఁ వీథికి మొగమై నిలిచి, 'గార్ ద్ లియోఁ' అను రైలుస్టేషనుకు దారి అడిగితి మనుకొందము. పేరునుబట్టి ఆ స్టేషను లియోఁ పట్టణమున నున్నదని తలపరాదు. అది పారిస్‌లోనిదే, లియోఁ దిక్కునకు పోవు బండ్లు అచటినుండి బయలుదేరును. ఎదురుపడిన పెద్దమనిషి 'తు ద్రువా' అనును. తిన్నగా పొమ్మని అర్థము. దానిని 'ఆ ద్రువాత్' అని వింటిమా, కుడివైపునకు మరలుదుము. కొంతసేపటికి ఎదుట ఆర్సెనాల్ రేవులోని పడవలు కానవచ్చును. ఇచట బండి కదలిపోవును.

చిక్కంతయు ఒక్క తకారములో నున్నది. వ్రాతలో రెండు మాటలందును ఆ అక్షరము కలదు. కాని 'తిన్నగా' అను మాటలో అది పలుకదు, 'కుడి' అను మాటలో పలుకును. మన తెలుగు అజంత భాష యగుటచే పదాంతమందలి పొల్లును పట్టుట మన చెవికి అంతగా అలవాటు లేదు. కావున చివరి ధ్వనికై వెదకక, ముందున్న మాటను వినుట మేలు. 'తు' అనిన తిన్నగా; 'ఆ' అనిన ప్రక్కకు. ఎడమకు 'ఆ గోష్' అందురు. దానితో బాధ లేదు.

అడుగుటకు ముందు 'బోఁజూర్' అనుట మరువరాదు. పలుకరింపు లేక ప్రశ్న వేయుట వారి దృష్టిలో మొరటుతనము. పిమ్మట 'పార్దోఁ, మస్యో', స్త్రీలతోనైన 'పార్దోఁ, మదామ్' అని, పోవలసిన చోటు పేరు చెప్పి, 'సిల్ వూ ప్లే' అనిన చాలును. ఇందలి 'వూ' మన 'మీరు' వంటిది. క్రొత్తవారిని 'త్యు' అనరాదు.

ఇక దారి చెప్పుట. మన పల్లెలలో 'గుడి దాటి తూర్పుగా పొండు' అందుము. పారిస్ వీథులలో తూర్పు పడమరల ఊసు తక్కువ. 'లా దొజియెమ్ ర్యు ఆ గోష్', అనగా ఎడమచేతి రెండవ వీథి, అని లెక్కగట్టి చెప్పుదురు. ఇండ్ల సంఖ్యలు సైతము దారి చూపును. 1805 నాటి ఏర్పాటు ననుసరించి, సేన్ నదినుండి దూరముగా పోవు వీథులలో సంఖ్యలు నదివైపున మొదలగును. నది వెంబడి పోవు వీథులలో ప్రవాహము పోవు దిక్కునకు పెరుగును. ఎడమప్రక్క బేసి, కుడిప్రక్క సరి. ఇది యెరిగినవాడు, ఎవరును కానరాని వేళ, గోడమీది సంఖ్యలను చూచి నది యెటనున్నదో చాలవరకు ఊహింపగలడు.

రేడియోముందు కూర్చున్న యిరువురు దీనిని అభ్యసింపవచ్చును. ఒకరు మాట పలుకవలెను. రెండవవారు చేయి చాచి దిక్కు చూపవలెను. పారిస్‌లోను మేము చేయుమనునది ఇదే: వినిన మాటను చేతితో చూపుచు తిరిగి పలుకుడు. పొరపాటైనచో 'నోఁ, నోఁ, తు ద్రువా' అని వారే దిద్దుదురు.