గ్రంథదానము – గ్రంథపోషణము

సిద్దిపేటలో మా మామగారు దివంగతులైన పిమ్మట, వారి పుస్తకముల నెచ్చట నుంచిన పదిమందికి నుపయోగపడునో యని మే మాలోచించితిమి. కావ్యములు, వ్యాకరణములు, నిఘంటువులు రెండు పెట్టెల నిండుగ నుండెను. వాని నొక కళాశాల గ్రంథాలయమున కిచ్చి, వారి పేరు నిలిచినదని సంతసించితిమి. ఏడాదికి పోయి చూడగా నవి గోనెసంచులలో మూలబడి యుండెను. అడుగున చెదలు పట్టెను. అచ్చటివారిని నిందింప మాకు మనసొప్పలేదు. బీరువా కొనుటకుగాని, పట్టిక వ్రాయించుటకుగాని వారియొద్ద పైకము లేదు. గోవును దానమిచ్చి గ్రాసమును మరచినట్లయ్యెను మా దానము.

ఈ పొరపాటు మాతోనే పుట్టినది కాదు. ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు 15వ శతాబ్దమున హంఫ్రీ ప్రభువు 280కి పైగా వ్రాతప్రతుల నొసగెను. 1550లో మతసంస్కరణపు సందడిలో నవి చెల్లాచెదరయ్యెను. 1556లో పుస్తకపు బల్లలను సైత మమ్మివేసిరి. పిమ్మట థామస్ బాడ్లీ యను నతడు 1602లో నా గ్రంథాలయమును మరల తెరపించెను. అతడు పుస్తకములతో తృప్తి నొందక, 1609లో కొంత భూమిని, లండను నగరమందలి యిండ్లను దాని పోషణమునకై వ్రాసియిచ్చెను. తక్కిన దాతల పేరులు వ్రాయుటకు పెద్ద పుస్తకము నొకదానిని పెట్టించెను. అతని కలిమిలో చాల భాగము భార్యయగు ఆన్ వలన వచ్చినదే. గ్రంథాలయమునకు మాత్రము బాడ్లీ పేరే నిలిచినది!

అమెరికాయందు ఎలియనోర్ వైడ్నరు అను తల్లి కుమారుడు హారీ 1912లో టైటానిక్ ఓడతో మునిగిపోయెను. అతని పుస్తకములకు హార్వర్డు విశ్వవిద్యాలయమున తగినంత చోటు లేకపోగా, ఆమె భవనమునే కట్టించెను. అది 1915లో తెరవబడెను.

అంత దూరమేల? హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో రావిచెట్టు రంగారావుగారి యింటనే వెలసినది. 1910లో వారు గతించిన పిమ్మట, వారి సతి లక్ష్మీనరసమ్మగారు నిలయమునకు సొంత భవన మేర్పడుటకై విరాళ మిచ్చిరి. పుస్తకమునకు నిలువ నీడ కావలెనని యా యిల్లా లెరుగును.

సోదరీమణులారా! మన జిల్లాలో ములుగున ఉద్యాన విశ్వవిద్యాలయ మున్నది. పట్టణమున కళాశాల లున్నవి. వానికి మన మిచ్చునది కొంచెమే కావచ్చును. ఇచ్చుటకు ముందు గ్రంథపాలకుని యొద్దకు పోయి యేమి కావలెనో యడుగుడు. అక్కరలేని పుస్తకములను మోపి రాకుడు. ఇచ్చినవానికి బీరువా, బైండు, చెదలమందు ఖర్చును జేర్చి యిండు. ఒకరివలన కానిచో నలుగురు కలిసి, ఏటేట కొంత పంపుడు. రసీదు తీసికొనుడు, ఏడాది కొకసారి పోయి చూచి రండు. దాతల పట్టికలో మీ పేరును వ్రాయింపుడు.

మొన్న మామగారి యాబ్దికమునాడు మేము బీరువా నొకదానిని, బైండుకూలిని ఇచ్చితిమి. చెదలు తిన్నవి పోగా మిగిలిన పుస్తకము లిపుడు విద్యార్థుల చేతులలో నున్నవి.