ఎముకలో తిష్ఠ వేసే మొండి బ్యాక్టీరియా

ఎముకలోకి బ్యాక్టీరియా చేరి చీము పట్టడమే ఆస్టియోమైలైటిస్. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా చర్మం చీలి ఎముక బయటపడిన దెబ్బలతోనో, లోపల వేసిన రాడ్లు, ప్లేట్లతోనో, షుగరు రోగుల కాలిపుండ్లతోనో మొదలవుతుంది. కంటైనర్ లారీలు కామరాజర్ పోర్టుకు వెళ్లే దారుల్లోనే బైకులూ నడిచే ఉత్తర చెన్నైలోని ఎన్నూరులో మొదటి ముప్పు గురించి వేరే చెప్పనక్కర్లేదు. కండ ఎంత నలిగితే, రక్తప్రసరణ ఎంత తెగితే చీము పట్టే అవకాశం అంత ఎక్కువ. పొగతాగడం, అదుపు తప్పిన షుగరు దాన్ని ఇంకా పెంచుతాయి. అలాంటి దెబ్బకు తొలి గంటల్లోనే యాంటీబయాటిక్ పడాలి.

మందు పారకపోవడానికి కారణాలు మూడు. రక్తం అందక చచ్చిన ఎముకకు మందూ అందదు. పైగా లోహం మీద బ్యాక్టీరియా జిగురుపొర కట్టుకుంటుంది. మామూలుగా మందుకు లొంగే బ్యాక్టీరియా కూడా అక్కడ బతికిపోతుంది. మూడోది అసలైన నిరోధకత. ఎంఆర్‌ఎస్‌ఏ అనే బ్యాక్టీరియా పెన్సిలిన్ జాతి మందులకు లొంగదు, అయినా దానికి వాంకోమైసిన్, లినెజోలిడ్ ఉన్నాయి. క్లెబ్సియెల్లా, ఈ.కోలై వంటివి కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లనూ తట్టుకుంటేనే అసలు చిక్కు. అప్పుడు మిగిలేవి కొలిస్టిన్ లాంటి కొన్ని మందులే, అదేమో కిడ్నీలను దెబ్బతీయగలదు.

ఈ ముప్పు చెన్నైకి కొత్త కాదు. కార్బపెనెమ్‌లను విరగ్గొట్టే ఎన్‌డీఎం-1 ఎంజైమ్‌పై 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ ప్రచురించిన అధ్యయనంలో 44 నమూనాలు ఈ నగరానివే. 2012లో వైద్యసంఘాలు ఇక్కడే సమావేశమై చెన్నై డిక్లరేషన్ తెచ్చాయి. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని మందులషాపులు రిజిస్టర్‌లో రాయాలి. చీటీ లేకుండా మందు దొరికినన్నాళ్లు ఈ నిబంధన కాగితం మీదే ఉన్నట్టు.

చికిత్సలో ఆపరేషన్‌దే పెద్దపాత్ర. చచ్చిన ఎముకను రక్తం కనిపించేదాకా తొలిచేసి, ఆ ముక్కలనే కల్చర్‌కు పంపుతారు. పైనుంచి కారే రసిలో దొరికిన బ్యాక్టీరియా, లోపలి బ్యాక్టీరియా ఒకటే కావాలని లేదు. ఆ పరీక్ష తేల్చిన మందును సాధారణంగా ఆరు వారాలు వాడతారు. రిఫాంపిసిన్ జిగురుపొర మీద బాగా పనిచేస్తుంది, కానీ ఒంటరిగా ఇస్తే నిరోధకత త్వరగా పుడుతుంది. అది క్షయ మందు కూడా కాబట్టి, మన దగ్గర ఎముక క్షయ కాదని నిర్ధారించుకోకుండా దాన్ని మొదలుపెట్టడం మరీ ప్రమాదం.

ఎముక, కీళ్ల ఇన్‌ఫెక్షన్లు వచ్చిన 1,054 మందితో బ్రిటన్‌లో జరిగిన ఒవీవా అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. తొలి ఆరు వారాలు ఇంజెక్షన్ ఇచ్చినవారిలో 14.6 శాతం, మాత్రలు ఇచ్చినవారిలో 13.2 శాతం మందికి ఏడాదిలోపు చికిత్స విఫలమైంది. నోటి మందుకు లొంగే బ్యాక్టీరియా అయితే వారాల తరబడి మంచం పట్టి సెలైన్ ఎక్కించుకోనక్కర్లేదని దీనర్థం. కూలికి వెళ్లేవారికి ఇది చిన్న ఊరట కాదు. నోటి మందులన్నిటినీ తట్టుకునే బ్యాక్టీరియాకు ఈ వెసులుబాటు ఉండదు. మానిందనుకున్న ఎముక ఏళ్ల తర్వాత మళ్లీ చీము పట్టవచ్చు. పాత మచ్చ దగ్గర నొప్పి, వాపు, రసి కనిపిస్తే ఎక్స్‌రే, రక్తపరీక్షలు మళ్లీ చేయించుకోవాల్సిందే.