చెయ్యి చూపితే కుక్క అటే ఎందుకు వెళ్తుంది?

వేటలో నేలకూలిన పక్షిని వెతికి తెచ్చేందుకు బ్రిటన్‌లో తీర్చిదిద్దిన జాతులు లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్. పక్షి పడిన చోటు కుక్క చూడకపోతే, యజమాని దూరం నుంచే ఈల వేసి దాన్ని కూర్చోబెట్టి, చేత్తో దిక్కు చూపుతాడు. ఆ సైగ దానికెలా అర్థమవుతుంది? కొంత పుట్టుకతోనే వస్తుందని నేనంటాను. 2021లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఎనిమిది వారాల వయసున్న 375 కుక్కపిల్లల్ని పరీక్షించారు. మనిషి వేలు చూపిన గిన్నె దగ్గరికే అవి మొదటిసారి నుంచీ ఎక్కువగా వెళ్లాయి.

మరి శిక్షణ ఎందుకంటారా? ఆ గిన్నెలు కళ్లెదుటే ఉన్నాయి. పొలంలోనైతే కుక్క ఏమీ కనబడని వైపు పరుగెత్తాలి. నేర్పాల్సింది సైగ మీద ఆ నమ్మకాన్నే. అందుకే కుక్కను ఎదురుగా కూర్చోబెట్టి, అది చూస్తుండగా, పక్షికి బదులు కాన్వాస్ గుడ్డతో కుట్టిన డమ్మీని కుడివైపు విసురుతారు. చెయ్యి పూర్తిగా చాచి, అటే ఓ అడుగు వేసి పంపుతారు. కదలికను కుక్క కళ్లు ఇట్టే పట్టేస్తాయి. తర్వాత ఎడమ, ఆపై వెనక్కి. రెండు పక్కలా డమ్మీలుంటే చెయ్యి చూడక తప్పదు. చివరికి వాటిని గడ్డిలో దాచేస్తారు. ముక్కుండగా సైగలెందుకు అనొచ్చు. గాలి తనవైపు వీస్తేనే కుక్కకు దూరపు వాసన అందుతుంది. ఆ గాలిలోకి దాన్ని చేర్చేది సైగే. మీ కుక్క తప్పు వైపు వెళ్తే అరవకండి, ఆపి, ఇంకొంచెం దగ్గరకెళ్లి మళ్లీ చూపండి.