బెల్టు దక్కని బాహుబలులు

కండబలం ఉంది. పట్టులో ఒడుపు ఉంది. పేరు వినబడితే చాలు ఈలలు వేసే అభిమానులూ ఉన్నారు. లేనిదల్లా ఒక్కటే... ‘ప్రపంచ చాంపియన్‌’ అన్న మాట! రింగులో రారాజుల్లా వెలిగినా ఆ బెల్టును నడుముకు చుట్టుకోలేకపోయిన మల్లుల కథలివి. వాటిని తాండూరు, వికారాబాద్‌ జాతరల గోదా పక్కన కూర్చుని చదివితే కొత్త అర్థాలు కనిపిస్తాయి.

కేబుల్‌ టీవీ ఇంటింటికీ వచ్చిన రోజులు గుర్తున్నాయా? బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఓ మూల విసిరేసి, ట్రంప్‌ కార్డులు తీసేవాళ్లు పిల్లలు. ఎత్తు ఎంత, బరువు ఎంత, ఛాతీ ఎంత, ర్యాంకు ఎంత... ఒక్కో కార్డు మీద ఒక్కో యోధుడు. కార్డు పోతే ఏడుపు, వస్తే ఎగురుడు. ‘ఆ కొట్లాటలు చూసి చెడిపోతున్నారు’ అని అమ్మలు టీవీ కట్టేస్తే, ‘ఒక్క కుస్తీ చూసి కట్టేస్తనే’ అని తాతలే బతిమాలిన ఇళ్లూ ఉన్నాయి.

తాతలకు ఆ సరదా ఊరికే రాలేదు. వికారాబాద్‌ నుంచి తాండూరు మీదుగా కర్ణాటక సరిహద్దు దాకా ఉన్న పల్లెల్లో కుస్తీ అంటే టీవీ బొమ్మ కాదు, జాతరలో కళ్లముందు జరిగే సంబరం. తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపించే ఈ నేల మీద పహిల్వాన్‌ అన్న మాటకు ఉన్న గౌరవమే వేరు. అందుకే పిల్లల కార్డుల్లోని తెల్లదొరలను కూడా తాతలు తమ లెక్కతోనే తూచేవారు. ‘వాడి ర్యాంకు ఎంతో నాకెందుకురా... పట్టు ఎట్లున్నదో చెప్పు’ అని!

ఆ లెక్కన చూస్తే బెల్టు గెలిచినవాళ్ల కన్నా గెలవనివాళ్ల కథలే రసవత్తరంగా ఉంటాయి.

రావణుడు లేని రామాయణమా?

కెనడాలో 1954లో పుట్టిన రాడీ పైపర్‌నే తీసుకోండి. పొట్టి గళ్ల లంగా లాంటి స్కాట్లాండ్‌ దుస్తులు, వెనకాల బాకాల సంగీతం, ఎదుటివాడిని ఉడికించే నోరు. 1985 మార్చి 31న న్యూయార్క్‌లోని మాడిసన్‌ స్క్వేర్‌ గార్డెన్‌లో మొట్టమొదటి రెసిల్‌మేనియా జరిగింది. ఆఖరి పోరులో ఓ వైపు హల్క్‌ హోగన్‌, నటుడు మిస్టర్‌ టీ. రెండోవైపు పాల్‌ ఆర్న్‌డార్ఫ్‌తో కలిసి పైపర్‌. జనం హోగన్‌ను ఆరాధించారు. నిజమే. కానీ అంతగా ఆరాధించడానికి ఎదుట అంతగా తిట్టుకోదగ్గ ప్రతినాయకుడు ఉండాలి కదా! ఘటోత్కచుడిగా మెప్పించిన ఎస్వీ రంగారావు, విలన్‌గా మాటలతోనే వణికించిన రావు గోపాలరావు లేకపోతే మన సినిమాలు ఎంత చప్పగా ఉండేవో, పైపర్‌ లేకపోతే ఆనాటి రింగు అంత చప్పగా ఉండేది.

ఆయన ఖాతాలో 1992లో ఓ ఇంటర్‌ కాంటినెంటల్‌ టైటిల్‌ ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌ 5న బ్రెట్‌ హార్ట్‌తో తలపడ్డాడు. రిఫరీ కింద పడిపోయాడు. పైపర్‌ చేతిలో ఇనుప గంట ఉంది. ఒక్క దెబ్బ కొడితే బెల్టు ఆయనదే. జనం వద్దు వద్దని అరిచారు. పైపర్‌ ఒక్క క్షణం ఆగి, గంటను పక్కన పడేశాడు. ఆ తర్వాత కాసేపటికే ఓడిపోయాడు. జీవితమంతా చెడ్డవాడిగా కనిపించిన మనిషి ఆ ఒక్క క్షణంలో మంచివాడైపోయాడు. 2005లో ‘హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌’ గౌరవం దక్కింది. 2015 జులైలో కన్నుమూసేదాకా ప్రపంచ టైటిల్‌ మాత్రం దక్కలేదు.

‘మిలియన్‌ డాలర్‌ మ్యాన్‌’ టెడ్‌ డిబియాసీ కథ మరీ విచిత్రం. ‘డబ్బుతో దేన్నైనా కొంటా’ అనే ధనవంతుడి పాత్ర ఆయనది. 1988 ఫిబ్రవరిలో ఆండ్రే ద జెయింట్‌ హోగన్‌ను ఓడించి ఆ బెల్టును అక్కడికక్కడే డిబియాసీకి అమ్మేశాడు. ‘బెల్టు అమ్మకానికి ఉండదు’ అంటూ దాన్ని రద్దుచేశారు. మళ్లీ టోర్నీ పెట్టారు. మార్చి 27న రెసిల్‌మేనియా ఫైనల్‌ దాకా వచ్చి రాండీ సావేజ్‌ చేతిలో ఓడిపోయాడు డిబియాసీ. మరుసటేడు సొంతంగా వజ్రాలు పొదిగిన బెల్టే చేయించుకుని తిరిగాడు! కథలో నవ్వు ఉంది. కానీ ఆ పాత్రను నవ్వుల పాలు కాకుండా నిలబెట్టింది ఆయన కుస్తీ నైపుణ్యమే.

అన్న నీడలో తమ్ముళ్లు

ఇళ్లల్లో అన్నదమ్ముల మధ్య ఉండే పోటీని రింగులోకి తెచ్చి చూపించినవాడు ఓవెన్‌ హార్ట్‌. కెనడాలోని కాల్గరీలో కుస్తీ గురువు స్టూ హార్ట్‌ కొడుకుల్లో చిన్నవాడు. ఇంటి నేలమాళిగే వాళ్ల తాలీంఖానా. అన్న బ్రెట్‌ అప్పటికే పెద్ద తార. 1994 మార్చి 20న రెసిల్‌మేనియాలో మొదటి పోరు అన్నదమ్ములిద్దరిదే. తమ్ముడు గెలిచాడు! కానీ అదే రాత్రి చివరి పోరులో యోకోజునాను ఓడించి ప్రపంచ చాంపియన్‌ అయింది మాత్రం అన్న. అందరూ బ్రెట్‌ను భుజాలకెత్తుకుంటుంటే, దారిలో నిలబడి కళ్లప్పగించి చూస్తున్న ఓవెన్‌ ముఖం అభిమానులకు ఇప్పటికీ గుర్తే.

ఆ నవంబరులోనే, బాబ్‌ బ్యాక్‌లండ్‌ పట్టులో బ్రెట్‌ విలవిల్లాడుతుంటే, ఓవెన్‌ వెళ్లి తల్లి హెలెన్‌ను ఏడుస్తూ బతిమాలాడు. ‘తువాలు విసిరేయమ్మా, అన్న చచ్చిపోతాడు’ అన్నట్టుగా. తల్లి మనసు కరిగి తువాలు విసిరింది. బ్రెట్‌ బెల్టు పోయింది. తమ్ముడు ఎగిరి గంతేశాడు! కథే అయినా, అమ్మను అడ్డుపెట్టుకున్న ఆ పన్నాగానికి తిట్టుకోని ఇల్లు ఉండదు.

అయిదేళ్లు తిరక్కుండానే ఆ నవ్వుల వెనక నిజమైన విషాదం వచ్చింది. 1999 మే 23న కాన్సాస్‌ సిటీలో, పైకప్పు నుంచి తాడు సాయంతో రింగులోకి దిగే విన్యాసంలో పట్టుతప్పి పడి ఓవెన్‌ మరణించాడు. వయసు 34 ఏళ్లే. ప్రపంచ టైటిల్‌ గెలవలేదు. కానీ 2022 నుంచి ఆయన పేరు మీదే ఓ టోర్నీ జరుగుతోంది. మొదటి ఏడాది విజేతలకు బెల్టులు అందించింది ఆయన భార్య మార్తా.

ఇలాంటి తమ్ముడు మన దేశంలోనూ ఒకడున్నాడు. గామా పహిల్వాన్‌ పేరు తెలియనివాళ్లు ఉండరు. 1910 సెప్టెంబరులో లండన్‌లో పోలెండ్‌ యోధుడు జ్బిజ్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడి, రెండోసారి అతను రాకపోవడంతో ‘జాన్‌ బుల్‌’ బెల్టు అందుకున్నాడు. ఆ ప్రయాణంలోనే గామా తమ్ముడు ఇమామ్‌ బక్ష్‌ కూడా ఉన్నాడు. స్విట్జర్లాండ్‌ మేటి జాన్‌ లెమ్‌ను కొద్ది నిమిషాల్లోనే చిత్తు చేశాడు. కానీ ప్రపంచ విజేత అన్న పేరు ఇంట్లో అన్నకే ఉంది. అన్న మీద చెయ్యి ఎత్తే తమ్ముడు కాడు ఇమామ్‌. ఇక బెల్టు ఎక్కడి నుంచి వస్తుంది?

గామాకు చెమటలు పట్టించిన మరో మల్లుడు రహీం బక్ష్‌ సుల్తానీవాలా. మనిషి దాదాపు ఏడడుగులు. గామా అయిదున్నర అడుగుల పైచిలుకు. ఇద్దరి మధ్య పోరు ఒకటికి మూడుసార్లు తేలలేదు. చివరికి అలహాబాద్‌లో గామాదే పైచేయి అయింది. గామా గొప్పతనం చెప్పాలంటే ఇప్పటికీ రహీం బక్ష్‌ పేరే చెబుతారు. ఓడినవాడికి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఒకే గది... రెండు దారులు

షెల్టన్‌ బెంజమిన్‌ను 2000ల్లో టీవీ చూసిన పిల్లలు మరిచిపోరు. నిచ్చెన మీద నుంచి దూకడంలో, గాల్లో తిరగడంలో అతనికి సాటి లేరు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నిఖార్సైన కుస్తీ వీరుడు. అక్కడ అతనితో గది పంచుకున్నది బ్రాక్‌ లెస్నర్‌. లెస్నర్‌ 2002 మార్చిలో టీవీలో కనిపించి, అదే ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌ అయిపోయాడు. బెంజమిన్‌కు ఇంటర్‌ కాంటినెంటల్‌ టైటిల్‌ మూడుసార్లు, యూఎస్‌ టైటిల్‌ ఒకసారి వచ్చాయి. పెద్ద బెల్టు మాత్రం రాలేదు.

మరోవైపు మన హిమాచల్‌ప్రదేశ్‌ నుంచి వెళ్లిన గ్రేట్‌ ఖలీ 2007 జులైలో 20 మంది తలపడిన ఒక్క పోరుతో వరల్డ్‌ హెవీవెయిట్‌ చాంపియన్‌ అయ్యాడు. ఏడడుగుల ఆ ఆకారాన్ని చూసి ‘మనోడు గెలిచిండు’ అని ఊళ్లకు ఊళ్లు మురిశాయి. పట్టులెన్ని తెలుసు అని ఎవరూ లెక్కపెట్టలేదు. రింగులో ఆకారానికీ ఓ విలువ ఉంది మరి.

గెలుపు ఎవరి చేతిలో?

ఇక్కడే అసలు సంగతి తెలుసుకోవాలి. టీవీ కుస్తీలో ఎవరు గెలవాలన్నది ముందే రాసి ఉంటుంది. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ సంస్థే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్‌ ముందు ‘ఇది వినోదం’ అని ఒప్పుకుంది. క్రీడల నియంత్రణ నుంచి, ఆ పన్నుల నుంచి తప్పించుకోవడానికి! అంటే బెల్టు అనేది ఒక విధంగా సినిమాలో హీరో వేషం. టిక్కెట్లు ఎవరి పేరు మీద తెగుతాయి, బొమ్మలు ఎవరివి అమ్ముడవుతాయి అన్నదే లెక్క. వేషం రానంత మాత్రాన నటుడు తక్కువవాడు కాదు.

అయితే దెబ్బలు మాత్రం రాసిపెట్టినవి కావు. విరిగే ఎముక నిజం. నొప్పి నిజం. ఎదుటివాడి మెడ విరక్కుండా, చూసేవాళ్లకు విరిగినట్టే కనిపించేలా పడేయడంలోనే ఈ విద్య అంతా ఉంది. తాను పడిపోతూ ఎదుటివాడిని గొప్పవాడిగా చూపించగలిగినవాడే ఆ లోకంలో అసలైన పనిమంతుడు. పైపర్‌, ఓవెన్‌, బెంజమిన్‌ అందరూ ఆ కోవలోనివాళ్లే.

వెండి కడెం విలువ

మరి మన జాతర గోదాలో? ఇక్కడ రాసిపెట్టిన గెలుపు ఉండదు. వీపు నేలకు తగిలిందా, ఓడినట్టే. తాండూరు, వికారాబాద్‌ చుట్టుపక్కల జాతర కుస్తీల తీరే వేరు. డప్పులు మోగుతాయి. మెత్తగా తవ్విన మట్టి చుట్టూ జనం గుండ్రంగా కూర్చుంటారు. చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, పొద్దుగూకే వేళకు పెద్ద పహిల్వాన్ల దాకా వస్తుంది. సరిహద్దు దాటి కర్ణాటక, మహారాష్ట్ర మల్లులూ వస్తారు. ఎదుటివాడితో చేయి కలిపితే సవాలు ఒప్పుకున్నట్టు. ఇద్దరూ సమానంగా నిలిస్తే ‘బరాబర్‌’. ఆఖరి కుస్తీ గెలిచినవాడికి వెండి కడెం.

నాపరాయి బండలు మోసిన భుజాలు, కంది చేలల్లో వంగిన నడుములు ఆ గోదాలోకి దిగుతాయి. వీళ్లలో ప్రపంచ స్థాయి పట్టున్నవాళ్లు లేరా? ఉండొచ్చు. కానీ దారి పొడవునా అడ్డంకులే. ప్రపంచ పోటీలు మట్టి మీద జరగవు, మ్యాట్‌ మీద జరుగుతాయి. అక్కడ చిత్‌ చేయడమొక్కటే కాదు, మూడేసి నిమిషాల రెండు భాగాల్లో పాయింట్లూ సంపాదించాలి. మట్టిలో అర్ధగంట ఓపిక పట్టి ఎదుటివాడిని అలసటకు గురిచేసే పహిల్వాన్‌కు ఆ ఆరు నిమిషాల వేగం చిన్నప్పటి నుంచీ నేర్పాలి. మ్యాట్‌ కావాలి, శిక్షకుడు కావాలి. పాలు, బాదం, నెయ్యి ఖర్చు ఏళ్ల తరబడి ఇల్లు భరించాలి. కొడుకును తాలీంకు పంపాలా, పనికి పంపాలా అన్నది చాలా ఇళ్లల్లో మొదటి కుస్తీ!

దేశం మొత్తం మీద చూసినా సీనియర్‌ ప్రపంచ కుస్తీ పోటీల్లో స్వర్ణం గెలిచిన భారతీయుడు ఒక్కడే. 2010లో మాస్కోలో సుశీల్‌ కుమార్‌. నాలుగు ప్రపంచ పతకాలు తెచ్చిన బజరంగ్‌ పునియాకూ స్వర్ణం అందలేదు. 2013, 2019, 2022ల్లో కాంస్యాలు, 2018లో రజతం. అంతటి వసతులున్న హర్యానా వీరులకే అందని పండు, మట్టి గోదా కుర్రాడికి అందలేదంటే ఆ తప్పు కుర్రాడిది కాదు. జాతర దాటి జిల్లా కేంద్రంలో ఓ మంచి మ్యాట్‌ మీద సాధన చేసే అవకాశం దొరికితేనే అతని సత్తా ఎంతో తేలేది.

కలియుగ భీముడు

తెలుగువాళ్లకు మల్లుడంటే ముందు గుర్తొచ్చేది కోడి రామ్మూర్తి నాయుడు. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, గొలుసులు తెంచడం, కదిలే కార్లను ఆపడం ఆయన ప్రదర్శనలు. సొంత సర్కస్‌తో దేశమంతా తిరిగారు. ‘ఇండియన్‌ హెర్క్యులస్‌’ అన్నారు. 1942లో కన్నుమూశారు. ప్రపంచ టైటిల్‌ ఏదీ ఆయన పేరిట లేదు. శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది.

వీళ్లూ అంతే!

స్కాట్‌ హాల్‌: ‘రేజర్‌ రామోన్‌’గా నాలుగుసార్లు ఇంటర్‌ కాంటినెంటల్‌ చాంపియన్‌. డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో గానీ డబ్ల్యూసీడబ్ల్యూలో గానీ ప్రపంచ టైటిల్‌ అందలేదు. 2022లో మరణించాడు.

జేక్‌ రాబర్ట్స్‌: సంచిలో కొండచిలువతో వచ్చేవాడు. ‘డీడీటీ’ దెబ్బకు పేరు తెచ్చింది ఇతనే. డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో చిన్న టైటిల్‌ కూడా గెలవలేదు. 2014లో హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ మాత్రం వరించింది.

డేవీ బాయ్‌ స్మిత్‌: ‘బ్రిటిష్‌ బుల్‌డాగ్‌’. 1992 ఆగస్టులో లండన్‌ వెంబ్లీలో దాదాపు 80 వేల మంది ముందు బావమరిది బ్రెట్‌ హార్ట్‌ను ఓడించాడు. ప్రపంచ టైటిల్‌ లేకుండానే 2002లో కన్నుమూశాడు.

బెల్టులు చేతులు మారతాయి. ఏ ఏడాది ఎవరు చాంపియనో పుస్తకం తిరగేస్తే తప్ప గుర్తుండదు. గంట పక్కన పడేసిన పైపర్‌, అన్నను చూస్తూ నిలబడిపోయిన ఓవెన్‌ మాత్రం గుర్తుంటారు. జాతరలో కుస్తీ ముగిసి జనం ఇళ్లకు మళ్లుతుంటే వినిపించే మాటా అదే... ‘గెలిచినోడు గెలిచిండు గానీ, కుస్తీ అంటే ఆ ఓడినోడిదే!’