పరిశోధనలో తొలి ఏడాది

సైన్సులో ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీలో చేరిన విద్యార్థికి ముందుగా మారేది చదువు తీరు. అంతవరకూ సిలబస్ ఉంది, పరీక్ష తేదీ ఉంది, జవాబు పుస్తకంలో ఉంది. పరిశోధనలో జవాబు ఎక్కడా రాసి ఉండదు. ప్రశ్నను కూడా స్కాలరే వెతుక్కోవాలి. తొలి నెలల దిగులుకు కారణం ఇదే, తెలివి చాలకపోవడం కాదు.

పల్నాడు జిల్లా ఎడ్లపాడు విద్యార్థికి దగ్గరి విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడిన నాగార్జున. ఊరి మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారే గుంటూరు దాటి దాని ముందు నుంచి విజయవాడకు సాగుతుంది. రోజూ బస్సులో వెళ్లొచ్చే వీలున్నా మొదటి ఏడాది హాస్టల్లో ఉండడమే మేలు. ప్రయోగం సాయంత్రం ఐదింటికి ఆగదు. రాత్రి చూడాల్సిన కల్చర్‌ను వదిలి చివరి బస్సుకు పరుగెత్తితే పని మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఏ పరికరం ఎప్పుడు మొరాయిస్తుంది, రసాయనాలకు ఇండెంట్ ఎంత ముందు పెట్టాలి అన్నవి సీనియర్లతో మెస్‌లో కూర్చున్నప్పుడే తెలుస్తాయి.

గైడును ఎంచుకునే అవకాశం ఉన్నచోట ఆయన పేరుప్రతిష్ఠల కంటే ముందు ఆయన దగ్గర పనిచేస్తున్న స్కాలర్లను కలవాలి. వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు, థీసిస్‌కు ఎన్నేళ్లు పట్టింది అని అడగడంలో తప్పులేదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్స్ వర్క్ కనీసం 12 క్రెడిట్లు. అన్నేళ్లు కలిసి పనిచేయాల్సిన మనిషి గురించి ముందే తెలుసుకోవడం అవసరం.

నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. తొలి సొమ్ము చేతికందడానికి నెలలు పట్టవచ్చు. అంతవరకూ ఖర్చులకు సరిపడా డబ్బు దగ్గర ఉంచుకోవాలి, ఇంట్లోవాళ్లకూ ఈ సంగతి ముందే చెప్పాలి.

తెలుగు మీడియంలో చదివినవారిని ఇంగ్లిషు పరిశోధనా పత్రాలు భయపెడతాయి. ముందు బొమ్మలు, పట్టికలు చూసి, తర్వాత పద్ధతులు చదివితే భాష క్రమంగా లొంగుతుంది. ఏ రోజు ప్రయోగం ఆ రోజే నోట్‌బుక్‌లో రాయాలి, చెడిపోయిందైనా సరే.

తొలినాళ్ల ఇబ్బందులు పెద్ద శాస్త్రవేత్తలకూ తప్పలేదు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి చాలామందికి పరిచితమే. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరినప్పుడు ఆయన దగ్గర డబ్బు లేదు. ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఆ పద్ధతి 1925లో అచ్చయింది, పీహెచ్‌డీ 1930లో వచ్చింది. స్థిరపడ్డాక పని మొదలుపెడదామని ఆయన ఆగలేదు, ఫిస్క్ ల్యాబ్‌లో పనే ఆయన్ను నిలబెట్టింది.

ఎడ్లపాడు వంటి ఊళ్ల నుంచి వచ్చినవారికి ఒక బలం ఉంది. 2021లో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరప తోటలను నల్ల తామర పురుగు ముంచేసింది. ఆకు ముడతను, పూత రాలడాన్ని రైతులు కళ్లారా చూశారు. కీటక శాస్త్రం నుంచి రసాయన శాస్త్రం దాకా పనికొచ్చే ప్రశ్నలు ఆ పొలాల్లోనే ఉన్నాయి. వాటి మధ్య పెరిగిన స్కాలర్ ఆ సంగతులను మొదటి సమావేశంలోనే గైడు ముందు పెట్టాలి.