నెలవంక పైన, నేల కింద
చిన్నారులకు దీర్ఘాలు నేర్పడంలో తల్లి పాత్ర

విజయవాడ భవానీపురంలో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో మాకు తెలిసిన కుటుంబం ఉంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. పిల్లవాడు రెండవ తరగతి చదువుతున్నాడు. ఒకరోజు తరగతిలో ‘రైతు నేల దున్నాడు’ అన్న వాక్యాన్ని ‘రైతు నెల దున్నాడు’ అని చదివాడు. తోటి పిల్లలు నవ్వారు. అతని డైరీలో ‘చదవడం రాదు’ అని రాసి పంపారు. ఆనాటి నుంచి అతడు బడిలో పైకి చదవడం మానేశాడు.

ఆ తల్లి ఈ సంగతి చెప్పి, “నాకే తెలుగు సరిగా రాదు కదా ఆపా, వీడికి నేనేం నేర్పగలను?” అని కన్నీరు పెట్టుకుంది.

మగ్రిబ్ నమాజు తర్వాత ఆ పిల్లవాడు ఖాయిదా తెరిచి పాఠం అప్పజెప్పాడు. ప్రతి మద్ద్‌నూ వేలు మడిచి, తెరిచి, లెక్క తప్పకుండా పలికాడు. అతనికి దీర్ఘం తెలియక కాదు. తనకు తెలిసిన దీర్ఘమే తెలుగు పుస్తకంలోనూ ఉందని ఎవరూ చెప్పలేదు.

రెండు భాషలు, ఒకే లెక్క

తెలుగు వ్యాకరణంలో హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు. తజ్వీద్‌లో సహజమైన మద్ద్‌కు రెండు హరకతులు. అరబీలో జబర్ తర్వాత అలిఫ్, జేర్ తర్వాత యా, పేష్ తర్వాత వావ్ వస్తే అచ్చు సాగుతుంది. తెలుగులో ఆ పనినే దీర్ఘం, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం చేస్తాయి.

సాగదీత వల్ల అర్థం మారడం కూడా రెండింటిలోనూ ఉన్నదే. అరబీలో ‘మలిక్’ అంటే రాజు, ‘మాలిక్’ అంటే యజమాని. తెలుగులో ‘వడ’ తినేది, ‘వాడ’ మనం నివసించేది. దైవప్రవక్త (స) పారాయణం ఎలా ఉండేదని హజ్రత్ అనస్ (రజి)ను అడిగినప్పుడు, దీర్ఘాలను సాగదీస్తూ పఠించేవారని చెప్పి, ఆయన బిస్మిల్లాహ్‌ను అలాగే పఠించి వినిపించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. గమనించండి, ఆయన పఠించి వినిపించారు. దీర్ఘాన్ని నేర్పే తొలి మార్గం కూడా అదే. అక్షరం చూపడానికి ముందు ధ్వని వినిపించాలి.

అసలు చిక్కు ఎక్కడ?

అ–ఆ, ఇ–ఈ, ఉ–ఊ జతలు మన పిల్లలకు అంత కష్టం కావు. ఉర్దూలోనూ అరబీలోనూ ఆ తేడా ఉంది. కష్టమంతా ఎ–ఏ, ఒ–ఓ దగ్గరే. అరబీ మూల స్వరాలలో ఈ ధ్వనులు లేవు. ఉర్దూలో ఏ, ఓ దీర్ఘాలుగా ఉన్నాయి. వాటి పొట్టి ధ్వనులు ‘మెహనత్’, ‘మొహల్లా’ వంటి మాటల్లో ‘హ’ పక్కన వినిపిస్తాయే గానీ అర్థాన్ని వేరుచేయవు. తెలుగులో మాత్రం ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. ‘వెల’ వేరు, ‘వేల’ వేరు. ‘కొన’ వేరు, ‘కోన’ వేరు.

కాబట్టి ఆ పిల్లవాడు నేలను నెలగా చదవడం మందబుద్ధి కాదు. ఇంటి భాష వేరుచేయని చోట అతని చెవి కూడా వేరుచేయలేదు, అంతే. పైగా ఎత్వానికీ ఏత్వానికీ రాతలో ఉన్న తేడా ఒక చిన్న మెలిక మాత్రమే. చెవి పట్టుకోని తేడాను కన్ను పట్టుకోవడం కష్టం.

ఇంట్లో పది నిమిషాలు

ఈ పాఠానికి తల్లికి తెలుగు పాండిత్యం అక్కరలేదు. రోజుకు పది నిమిషాలు, ఈ క్రమం చాలు.

మొదట చెవి. పుస్తకం మూసి, తెలిసిన ఉర్దూ మాటలతో మొదలుపెట్టండి. ‘మెహనత్’లోని మొదటి ధ్వనికి ఒక చప్పట్లు, ‘మేజ్’లోని ధ్వనికి రెండు. అలాగే ‘మొహల్లా’కు ఒకటి, ‘మోర్’కు రెండు. తర్వాత తెలుగు జతలకు రండి.

రెండవది వేలు. ఖాయిదాలో మద్ద్‌కు వేలు మడిచినట్లే తెలుగు దీర్ఘానికీ మడవనివ్వండి. అయితే దీర్ఘం రెండు మాత్రలే. పిల్లలు ఉత్సాహంలో నాలుగైదు మాత్రలు లాగుతారు. దూరంగా ఉన్నవారిని ‘అమ్మా’ అని కేకవేసేటప్పుడు వచ్చే మూడు మాత్రల సాగదీత ప్లుతం; పుస్తకం చదివేటప్పుడు అది వద్దు.

మూడవది అర్థం. ప్రతి మాటనూ ఒక వస్తువుకు ముడివేయండి. ‘నెల’ అనగానే పైకి చూపండి. రంజాన్‌కు మనం ఎదురుచూసే నెలవంకలో ఉన్నది ఆ నెలే. ‘నేల’ అనగానే పాదాల కిందికి చూపండి. మెడ తాకించండి, వీధిలోని మేడ చూపించండి. అర్థం లేని జతలను వల్లె వేయించడం వల్ల ప్రయోజనం తక్కువ.

చివరిది రాత. ధ్వని స్థిరపడ్డాక ఒక చీటీ మీద ‘నెల’, మరొక చీటీ మీద ‘నేల’ రాసి, తేడా ఉన్న మెలికను రంగు పెన్సిలుతో దిద్దించండి. మీరు పలకండి, అతడు చీటీ తీయాలి. తర్వాత అతడు పలకాలి, మీరు తీయండి. మీరు తప్పు తీస్తే అతడు దిద్దుతాడు. ఆ ఆనందం ఏ బహుమతికీ తీసిపోదు.

ఇంగ్లీషు దీర్ఘాలను మాత్రం ఈ పది నిమిషాలలో కలపకండి. ‘కిట్’ దీర్ఘమైతే ‘కీట్’ కాదు, ‘కైట్’ అవుతుంది. అక్కడ దీర్ఘమన్న పేరే గానీ, మారేది ధ్వని స్వభావం. దానికి వేరే వేళ కేటాయించండి.

పేరులోని దీర్ఘం

తొలి పాఠానికి పిల్లవాని పేరును మించినది లేదు. ‘హమీద్’ అంటే స్తుతింపదగినవాడు, ‘హామిద్’ అంటే స్తుతించేవాడు. ‘అమీర్’ అంటే నాయకుడు. అయిన్‌తో మొదలయ్యే ‘ఆమిర్’ పూర్తిగా వేరే మాట. ఇంగ్లీషు అక్షరాలలో ఈ తేడాలు తరచుగా కలిసిపోతాయి. తెలుగు లిపి వాటిని చక్కగా నిలుపుతుంది. ‘కరీం’ను ‘కరిం’ అని రాసినప్పుడు నెమ్మదిగా దిద్దండి. తన పేరులోని గుడిదీర్ఘాన్ని గుర్తించిన బిడ్డ ఇతరుల పేర్లలోనూ దాన్ని వెతుకుతాడు.

తల్లిదండ్రులారా! 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా పిల్లలు అర్థంతో చదవడానికి మూడవ తరగతి ముగింపును గడువుగా పెట్టింది. రెండవ తరగతిలో తడబడిన బిడ్డను అప్పుడే వెనుకబడినవాడిగా తీర్మానించే హక్కు ఎవరికీ లేదు. డైరీలో అటువంటి మాట వస్తే ఉపాధ్యాయురాలిని కలిసి, ‘మా ఇంటి భాషలో ఎ, ఏల తేడా లేదు, అందుకే ఈ తడబాటు’ అని మర్యాదగా వివరించండి. ఇంట్లో ఎవరూ అతని యాసను వెక్కిరించకుండా చూడండి.

భవానీపురంలోని ఆ ఇంట్లో ఇప్పుడు ఖాయిదా ముగిశాక చీటీల ఆట సాగుతోంది. పిల్లవాడు బడిలో ఇంకా గొంతు విప్పలేదు. ఇంట్లో మాత్రం మొన్న తల్లి ‘మెడ మీద బట్టలు ఆరేశాను’ అంటే, వేలు మడిచి చూపి, “మేడ, అమ్మీ!” అని దిద్దాడట. ఆమె అది చెబుతూ నవ్వింది. నేర్పలేనని కన్నీరు పెట్టుకున్న తల్లి, తన బిడ్డ దగ్గర తానే తెలుగు నేర్చుకుంటోంది.