ఊరి దూరము - చమురు ధర

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం హైదరాబాదుకు ఆగ్నేయముగా, నాగార్జునసాగర్ పోవు రహదారి మీద, సుమారు 30 కిలోమీటర్ల దూరములో ఉన్నది. కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం పేర వెలసిన ఊరు ఇది. దాని ప్రక్కనున్న పెద్ద చెరువు కూడ ఆ పేరుతోనే ప్రసిద్ధి. పూర్వము ఈ ఊరి బ్రతుకుతెరువు ఆ చెరువు నీటి మీద ఆధారపడి ఉండెడిది. నేడు అది చాలవరకు రహదారి మీద ఆధారపడి ఉన్నది. ఇంజనీరింగు కళాశాలలకు విద్యార్థులు నగరము నుండి ఇటు వచ్చుచున్నారు. కూలికి, కొలువుకు ఇక్కడివారు నగరమునకు పోవుచున్నారు. రెండు ప్రయాణములకును కావలసినది చమురు. ఆ చమురు ధర పెరిగినకొద్దీ ఇటువంటి ఊళ్లలో కాపురము ఏమగును? దీనికి జవాబు కొంత భౌతికశాస్త్రములోను, కొంత గణితములోను దొరకును.

నగరము ఎంత దూరము వ్యాపించును?

మనుష్యులు ఏ దేశములోనైనను, ఏ కాలములోనైనను, సగటున రోజుకు సుమారు ఒక గంట ప్రయాణమునకు వెచ్చింతురని ఇటలీ శాస్త్రజ్ఞుడు చేజరే మార్కెట్టి 1994లో ప్రతిపాదించెను. దీని ప్రకారము పోవుటకు అరగంట, వచ్చుటకు అరగంట. నడచువాడు గంటకు 5 కిలోమీటర్లు పోవును గనుక అతని నగరము నడిబొడ్డు నుండి రెండున్నర కిలోమీటర్లకు మించి పెరుగజాలదు. 1591లో చార్మినారు చుట్టును వెలసిన పట్టణము అటువంటి నడక పట్టణమే. వాహనము గంటకు 60 కిలోమీటర్లు పోగలిగిన, నగరపు హద్దు 30 కిలోమీటర్లకు జరుగును. ఇబ్రహీంపట్నం సరిగా ఆ హద్దు మీద ఉన్నది.

వ్యాసార్ధము రెండున్నర నుండి 30కి, అనగా 12 రెట్లు పెరిగినప్పుడు వృత్తవైశాల్యము 144 రెట్లు పెరుగును. ఇంత నేల ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చుట చేతనే నగరపు అంచున స్థలము చవుకగా దొరకును. కాని చవుక అను మాటలో ఒక మెలిక కలదు. 1964లో అమెరికా పండితుడు విలియం అలాన్సో వివరించినట్లు, నగరమునకు దూరముగా పోయినవాడు ఇంటి మీద మిగుల్చుకొన్న దానిలో కొంత ప్రయాణము మీద చెల్లించుచున్నాడు. ఇంటి ఖర్చు, దారి ఖర్చు ఒకే త్రాసులోని రెండు సిబ్బెలు. చమురు ధర పెరిగిన రెండవ సిబ్బె బరువెక్కును.

లీటరు పెట్రోలు ఏమగుచున్నది?

ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌలుల శక్తి, అనగా విద్యుత్తు లెక్కలో సుమారు 9 యూనిట్లు ఉండును. కారు ఇంజను దీనిలో నాలుగవ వంతు మాత్రమే చక్రములకు అందించును. తక్కినది వేడిగా మారి పొగగొట్టము నుండియు, రేడియేటరు నుండియు గాలిలో కలియును. రద్దీలో ఆ పాలు ఇంకను తగ్గును.

అందిన శక్తియైనను పూర్తిగా ప్రయాణమునకు ఉపయోగపడదు. 1,000 కిలోగ్రాముల కారు గంటకు 54 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 15 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిశక్తి 1,12,500 జౌలులు. బ్రేకు వేయగానే ఈ శక్తియంతయు వేడియై పోవును. తిరిగి అదే వేగమునకు రావలెనన్న, ఇంజను సామర్థ్యము నూటికి 20 అనుకొన్నచో, సుమారు 17.5 మిల్లీలీటర్ల పెట్రోలు కావలెను. దారిలో పదిచోట్ల ఆగిన పదియు కలిసి 175 మిల్లీలీటర్లగును. కారులో 60 కిలోల మనిషి ఒక్కడే కూర్చున్నచో, ఈ ఖర్చులో అధిక భాగము మనిషిని గాక ఇనుమును కదలించుటకే పోవుచున్నది.

నెలసరి లెక్క

ఇబ్రహీంపట్నం నుండి నగరమునకు పోయివచ్చుట 60 కిలోమీటర్లు. నెలకు 25 దినములకు 1,500 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు పోవు మోటారు సైకిలుకు 30 లీటర్లు, 15 కిలోమీటర్లు పోవు కారుకు 100 లీటర్లు కావలెను. హైదరాబాదులో పెట్రోలు ధర 2021 జూనులో లీటరుకు నూరు రూపాయలు దాటినది; 2024 మార్చి సవరణ తరువాత సుమారు 107 రూపాయలుగా ఉండినది. ఈ 107 రూపాయల లెక్కన మోటారు సైకిలుకు 3,210, కారుకు 10,700 రూపాయలగును. ధర 150 రూపాయలైనచో అవి 4,500, 15,000 అగును. నెలకు 20,000 సంపాదించువానికి మోటారు సైకిలు ఖర్చు ఆదాయములో నూటికి 16 పాళ్ల నుండి 22 పాళ్లు దాటును. కారు గలవాడు విహారము మానుకొని సర్దుకొనవచ్చును. కూలికి పోవువాడు పని మానుకొనలేడు. తగ్గించుకొనవలసినది తిండియో, పిల్లల చదువో అగును.

ఈ ధర మన అదుపులో లేదు. భారతదేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశముల నుండి తెచ్చుకొనుచున్నది. 1973 అక్టోబరులో పీపా సుమారు 3 డాలర్లుండిన చమురు కొద్ది నెలలలోనే దాదాపు 12 డాలర్లకు ఎగబ్రాకెను. 2008 జూలైలో 147 డాలర్లను తాకెను.

బస్సు ఎందుకు చవుక?

లీటరు డీసెలుకు 5 కిలోమీటర్లు మాత్రమే పోవు బస్సు చూపునకు దుబారాగా కనబడును. కాని దానిలో 50 మంది కూర్చున్నచో, ఒక్కొక్కరికి 60 కిలోమీటర్లకు పడునది పావు లీటరుకు లోపే. మోటారు సైకిలు మీద ఒక్కడే పోయిన 1.2 లీటర్లు, కారులో ఒక్కడే పోయిన 4 లీటర్లు పట్టును. రైలు ఇంకను మేలు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రము దొర్లునపుడు కలుగు నిరోధము, రోడ్డు మీద రబ్బరు చక్రమునకు కలుగు దానిలో కొద్ది వంతు మాత్రమే.

ఇబ్రహీంపట్నమునకు రైలు లేదు. 2018 సెప్టెంబరు 24న మెట్రోరైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చినది. అక్కడి నుండి సుమారు 20 కిలోమీటర్లు రోడ్డే దిక్కు. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వము పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణమును ప్రవేశపెట్టినందున, వారికి బస్సు దొరికినంతవరకు చమురు ధర భారము నేరుగా తగులదు.

అయితే బస్సు నిండిననే లెక్క కుదురును. పీటర్ న్యూమన్, జెఫ్రీ కెన్వర్తీ అను పరిశోధకులు 32 నగరములను పోల్చి 1989లో ప్రకటించిన గ్రంథములో, జనము పలుచగా విస్తరించిన నగరములలో మనిషికి పెట్రోలు వాడకము ఎక్కువగాను, చిక్కగా నివసించు నగరములలో తక్కువగాను ఉండుటను చూపిరి. ప్రధాన రహదారికి మూడు నాలుగు కిలోమీటర్లు లోపల, చేల మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా లేచు ఇళ్లకు బస్సు నడపుట కష్టము. చమురు దెబ్బ ముందుగా తగులునది అటువంటి ఇళ్లకే.

విద్యుత్తు తీర్చునా?

విద్యుత్ మోటారు తాను తీసికొన్న శక్తిలో నూటికి 85 పాళ్లకు పైగా చక్రమునకు అందించును. బ్రేకు వేసినప్పుడు పోవు శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలో చేర్చవచ్చును. విద్యుత్ స్కూటరుకు 60 కిలోమీటర్లకు సుమారు 2 యూనిట్లు చాలును. యూనిట్ పది రూపాయలనుకొన్నను 20 రూపాయలు. పెట్రోలు బండికి 128 రూపాయలు. దారి ఖర్చులో ఇది గొప్ప మార్పు. కాని బండి కొనుటకు ముందుగా సొమ్ము కావలెను. మన దేశపు విద్యుత్తులో అధిక భాగము బొగ్గు నుండి వచ్చుచున్నది. రద్దీలో పోవు కాలమును ఏ మోటారును తిరిగి ఈయజాలదు.

పని దగ్గరకు వచ్చిన

ఇంకొక మార్గము పనినే ఊరి వద్దకు తెచ్చుట. ఇబ్రహీంపట్నం మండలములోని ఆదిభట్లలో విమానభాగములు తయారుచేయు కర్మాగారములు, సాఫ్ట్‌వేర్ కార్యాలయము వెలసినవి. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరు కార్యాలయము ఇదే మండలములోని కొంగర కలాన్‌కు వచ్చినది. అందులో పనిచేయువానికి ఇబ్రహీంపట్నం నగరపు అంచు కాదు, పనికి చేరువైన ఊరు. లెక్కింపవలసినది నగరమునకు దూరము కాదు, పనికి దూరము. అయితే ఊరివారికి ఆ పనులకు తగిన చదువు, నైపుణ్యము లేనిచో, పని ప్రక్కనే ఉన్నను వారు నగరమునకే పోవలసివచ్చును.

కావున చమురు ధర పెరిగినంత మాత్రాన నగర పరిసరములన్నియు పాడుపడవు. బస్సు దారికి, బడికి, పనికి దగ్గరగా ఉన్నవి నిలుచును. సొంత బండిని మాత్రమే నమ్ముకొన్నవి నలుగును. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరిశీలన చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఇంటివారు వారమునకు ఎన్ని కిలోమీటర్లు, దేని మీద ప్రయాణము చేయుదురో వ్రాసి, లీటర్లుగాను, రూపాయలుగాను మార్చి, ధర సగము పెరిగిన ఏమగునో లెక్కకట్టవలెను. స్థలము కొనుటకు ముందు ఇంటి పెద్దలు వేయవలసిన లెక్కయు ఇదే.